రాజీనామా తర్వాత చివరి జీతం: 45 రోజులన్నది కంపెనీ అలవాటు, చట్టం ఇచ్చిన గడువు రెండు పనిదినాలు

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు హైదరాబాదులోని ఒక ప్రైవేటు సంస్థలో మూడేళ్ల నాలుగు నెలలు పనిచేశారు. 2025 డిసెంబరు 1న రాజీనామా ఇచ్చి, నియామక పత్రంలో రాసి ఉన్న 60 రోజుల నోటీసు పూర్తిగా చేసి, 2026 జనవరి 30న బయటికి వచ్చారు. రాజీనామా పెట్టిన నెల నుంచే మీ జీతాన్ని హోల్డ్‌లో పెట్టారు కాబట్టి డిసెంబరు, జనవరి రెండు నెలల జీతమూ అందలేదు. ఆరు వారాలు దాటాక అడిగితే, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌కు, అంటే మానేసినవారి లెక్కలన్నీ తేల్చి డబ్బు ఇవ్వడానికి, 45 నుంచి 60 రోజులు పట్టడం తమ పాలసీ అని హెచ్‌ఆర్ వారు చెబుతున్నారు. దానికి తోడు శిక్షణ ఖర్చు కింద 25,000 రూపాయలు తగ్గిస్తామంటున్నారు, "నాకు సంస్థ నుంచి రావలసినది ఏమీ లేదు" అన్న కాగితంపై ముందే సంతకం పెట్టమంటున్నారు. దీనికి చట్టం ఏమైనా ఉందా, ఫిర్యాదు చేస్తే రిలీవింగ్ లెటర్ (విధుల నుంచి విడుదల చేసినట్టు సంస్థ ఇచ్చే ఉత్తరం) ఆపేస్తారా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

సూటిగా సమాధానం: చట్టం ఉంది. రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లోపు చెల్లించాలి. 2019 నాటి వేతనాల కోడ్‌లో 17వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఈ మాట చెబుతుంది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది, మీరు రాజీనామా ఇచ్చింది ఆ తర్వాత పది రోజులకు. మీ చివరి పనిదినం జనవరి 30 శుక్రవారం. మీ సంస్థకు శని, ఆదివారాలు సెలవైతే ఫిబ్రవరి 3 మంగళవారానికల్లా, శనివారం కూడా పనిదినమైతే ఫిబ్రవరి 2 సోమవారానికల్లా ఆ డబ్బు మీ ఖాతాలో పడి ఉండాలి. డిసెంబరు జీతం సంగతి ఇంకా తేలిక: మీరు అప్పటికి ఉద్యోగంలోనే ఉన్నారు కాబట్టి నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలన్న మామూలు నియమమే వర్తిస్తుంది, అంటే అది జనవరి 7కే బాకీ పడింది. నోటీసు కాలంలో జీతాన్ని పూచీకత్తులా అట్టిపెట్టుకునే అధికారం యజమానికి ఎక్కడా లేదు.

ఇక్కడ నా సంగతి రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే నేను బల్లకు అవతలి వైపున ఎక్కువ కాలం ఉన్నవాణ్ణి. పంతొమ్మిదేళ్లు మూడు సంస్థల్లో జీతాల లెక్కలు చూసే పేరోల్ విభాగంలో పనిచేసి, వందల సెటిల్‌మెంట్ షీట్లు నా చేత్తో తయారుచేశాను. ఆరేళ్లుగా కార్మిక చట్టాల సలహాదారుగా ఉంటున్నాను. మీకు చూపిస్తున్న ఆ "45 రోజులు" అన్న వాక్యాన్ని ఒక సంస్థ నియామక పత్రం నమూనాలో టైపు చేసింది నేనే, అదీ మరో కంపెనీ పత్రంలో చూసి. దాని వెనక ఏ చట్టమూ లేదని నాకు అప్పుడు తెలుసు. అందరూ రాస్తున్నారు కదా అని రాశాను. ఆ వాక్యం వల్ల ఎంతమంది నెలన్నర పాటు అప్పు చేసి ఇల్లు గడుపుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ఇలాంటి ప్రశ్న కనిపించినప్పుడల్లా వివరంగా రాస్తాను.

పాత చట్టానికీ కొత్త చట్టానికీ తేడా తెలిస్తే హెచ్‌ఆర్ వారి మాట ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టంలోనూ రెండు పనిదినాల గడువు ఉండేది, కానీ అది యజమాని తొలగించిన సందర్భానికి మాత్రమే. తనంతట తాను మానేసిన ఉద్యోగి మాట అందులో లేదు. పైగా 2017 నుంచి ఆ చట్టం నెలకు 24,000 రూపాయల వేతనం దాటనివారికే వర్తించేది. కాబట్టి 40,000 జీతంతో రాజీనామా చేసిన ఉద్యోగికి ఆ చట్టం కింద చేతికందే ఆయుధం దాదాపు ఉండేది కాదు, కంపెనీలు తమ పాలసీ తామే రాసుకున్నాయి. కొత్త కోడ్ ఈ రెండు గోడలనూ కూల్చింది. తొలగింపు, డిస్మిస్, రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు), సంస్థ మూసివేతలతో పాటు రాజీనామా అన్న మాటను స్పష్టంగా చేర్చింది. జీతం పరిమితి తీసేసింది, గుమాస్తా, సూపర్‌వైజరు, మేనేజరు అన్న తేడా లేకుండా ఉద్యోగులందరినీ కలుపుకుంది. అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఉన్నవారు ఇందులోకి రారు. ప్రభుత్వ కార్యాలయాలకు ఈ వేతన చెల్లింపు అధ్యాయం, ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, వర్తించదు.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. మొదటిది, "రాజీనామా నుంచి రెండు పనిదినాలు" అన్నప్పుడు ఉత్తరం ఇచ్చిన రోజు నుంచి లెక్కించమని ఎవరూ వాదించనక్కరలేదు. నోటీసు చేసి వెళ్లేవారి విషయంలో రాజీనామా అమల్లోకి వచ్చేది చివరి పనిదినాన, నేను దాన్నుంచే లెక్కిస్తాను. రెండోది, తగినదని భావిస్తే ఈ గడువును మార్చే వెసులుబాటును అదే సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారం ప్రభుత్వానిది, కంపెనీ హెచ్‌ఆర్ విభాగానిది కాదు. నియామక పత్రంలో 45 రోజులని రాసి మీరు సంతకం పెట్టి ఉన్నా, చట్టం ఇచ్చిన గడువును ఆ వాక్యం పొడిగించలేదు.

అయితే సెటిల్‌మెంట్ షీటులో ఉండే ప్రతి అంకెకూ రెండు రోజుల గడువు వర్తించదు. చాలామంది ఇక్కడే పొరబడి, అన్నీ కలిపి ఒకే మొత్తంగా అడిగి, తమ కేసును తామే బలహీనం చేసుకుంటారు. రెండు రోజుల్లో రావలసింది వేతనం. వేతనం చెల్లింపు విషయానికి వచ్చేసరికి మూల వేతనం, కరువు భత్యంతో పాటు ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం, ఓవర్‌టైమ్ కూడా లెక్కలోకి వస్తాయి, కాబట్టి "బేసిక్ మాత్రమే రెండు రోజుల్లో ఇస్తాం" అంటే ఒప్పుకోకండి. వాడుకోని ఆర్జిత సెలవుల డబ్బు విషయంలో మీరు కార్మికుల నిర్వచనంలోకి వస్తే వృత్తి భద్రతా కోడ్ కూడా ఉద్యోగం మానిన రెండో పనిదినం ముగిసేలోపే ఇవ్వమంటుంది. మేనేజరు స్థాయివారికి నియామక పత్రమూ, మన రెండు రాష్ట్రాల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టమూ చూడాలి.

గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఉంది, ఆలస్యమైతే సాధారణ వడ్డీ కట్టాలి. మామూలుగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి కాబట్టి మీకు రాదు. మీది నిర్ణీత కాలపు ఒప్పంద ఉద్యోగమైతే మాత్రం ఏడాది సర్వీసుకే దామాషా ప్రకారం వస్తుంది, మీ నియామక పత్రంలో ఆ మాట ఉందేమో ఒకసారి చూసుకోండి. చట్టబద్ధమైన బోనస్‌కు ఆర్థిక సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల వ్యవధి ఉంది. పీఎఫ్ డబ్బు కంపెనీ చేతిలో ఉండదు, ప్రావిడెంట్ ఫండ్ సంస్థ ఈపీఎఫ్ఓ దగ్గర మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడిగా మీ శాశ్వత నంబరు) కింద ఉంటుంది. కంపెనీ చేయవలసింది మీరు మానిన తేదీని నమోదు చేయడమే, అది చేయకుండా సతాయిస్తే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే ఆ తేదీని నమోదు చేసుకోవచ్చు. పనితీరు ఇన్సెంటివ్‌లు మాత్రం పూర్తిగా ఒప్పందంలోని మాటల మీద ఆధారపడతాయి. "చెల్లింపు తేదీన ఉద్యోగంలో ఉన్నవారికే" అన్న షరతు ఉంటే ఆ డబ్బు కోసం పోరాటం కష్టం, దాన్ని జీతం కేసులో కలపకండి.

ఇక కోతల సంగతి. కోడ్‌లోని 18వ సెక్షన్ జీతంలోంచి ఏయే కోతలు చేయవచ్చో ఒక జాబితా ఇచ్చింది: గైర్హాజరు, అడ్వాన్సు, అప్పు, ఆదాయపు పన్ను, పీఎఫ్, కోర్టు ఉత్తర్వు, ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్ల పోవడం వంటివి. ఆ జాబితాలో లేని కోత అనధికార కోత. ఉన్న కోతలన్నీ కలిపినా వేతనంలో సగం దాటకూడదు. వస్తు నష్టం పేరుతో కోయాలంటే ముందు ఉద్యోగిని సంజాయిషీ అడగాలి. మీకు చెప్పిన "శిక్షణ ఖర్చు" ఆ జాబితాలో లేదు. మీరు శిక్షణ బాండు (ఇంతకాలం పనిచేయకుండా మానేస్తే ఇంత సొమ్ము కడతానన్న ఒప్పందం) మీద సంతకం పెట్టారా లేదా అన్నది వేరే ప్రశ్న. పెట్టకపోతే ఆ 25,000కు ఆధారమే లేదు. పెట్టి ఉంటే దాని గడువు ఎంత, మీరు మూడేళ్లు పైగా చేశాక కూడా అది మిగిలి ఉందా చూడాలి. మిగిలి ఉన్నా సంస్థ చేయవలసింది తనకు నిజంగా ఎంత నష్టం జరిగిందో చూపి విడిగా వసూలు చేసుకోవడం, జీతాన్ని బిగబట్టి తనకు తానే తీర్పు చెప్పుకోవడం కాదు.

కానీ బాండ్లన్నీ చెల్లవని ఇంటర్నెట్‌లో రాసేవారి మాట కూడా నమ్మకండి. విజయా బ్యాంకు కేసులో 2025 మే నెలలో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేసిన అధికారి 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతును సమర్థించింది. ప్రభుత్వ రంగ బ్యాంకు నియామక ప్రక్రియకు అయ్యే ఖర్చు, ఆ అధికారి హోదా, ఆ మొత్తం సహేతుకతా చూసి ఇచ్చిన తీర్పు అది. చేరిన మొదటి వారంలో చూపించే పరిచయ స్లయిడ్లకు పాతికవేలు శిక్షణ ఖర్చు అనడం వేరు.

నోటీసు తక్కువ చేసినవారి విషయం మీకు వర్తించదు గానీ, ఇది చదివే ఇతరుల కోసం చెబుతున్నాను. నోటీసు బదులు కోతను 18వ సెక్షన్ జాబితా పేరు పెట్టి ఎక్కడా చెప్పలేదు, దాని మీద వాదించవచ్చు. అయినా ఒప్పందం ప్రకారం నోటీసు చేయకుండా వెళ్లినవారు ఆ మేరకు బాకీ ఉంటారన్నది న్యాయమైన మాటే, అలాంటి కేసులో నేను ఎప్పుడూ లెక్క కూర్చుని తేల్చుకోమనే చెబుతాను. ఒక విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి: కొన్ని సంస్థలు నోటీసు రికవరీ మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తున్నాయి. దాని మీద జీఎస్టీ లేదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులోనే సర్క్యులర్ ఇచ్చింది. అలాగే చివరి జీతంలో ఆదాయపు పన్ను ఎక్కువ కోశారని గొడవపడేవారిలో చాలామంది పెట్టుబడుల రుజువులు ఇవ్వకుండా వెళ్లినవారే ఉంటారు. ఆ కోత చట్టబద్ధమే, రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవాలి.

ఆలస్యం ఎందుకవుతుందో లోపలివాడిగా చెబితే మీకు ఉపయోగపడుతుంది. ఎక్కువ సందర్భాల్లో అది పగ కాదు, కాగితం ఆగిపోవడం. పేరోల్‌కు నెలలో ఒక కటాఫ్ తేదీ ఉంటుంది, అది దాటితే మీ లెక్క వచ్చే నెలకు పోతుంది. దానికి ముందు నో డ్యూస్ ఫారం ఉంటుంది, అంటే మీ దగ్గర సంస్థ వస్తువు, బాకీ ఏదీ లేదని ప్రతి విభాగమూ సంతకం పెట్టే కాగితం. 2018లో నేను పనిచేసిన చోట ఒక గిడ్డంగి సూపర్‌వైజరు మానేశాడు, అతనికి రావలసింది 61,400 రూపాయలు. ఆ ఫారంలో ఏడు గళ్లుండేవి: మేనేజరు, ఐటీ, అడ్మిన్, స్టోర్స్, అకౌంట్స్, సెక్యూరిటీ, హెచ్‌ఆర్. ఆరు సంతకాలు పడ్డాయి, స్టోర్స్ గడి ఖాళీ. బార్‌కోడ్ స్కానరు ఛార్జింగ్ స్టాండును అతను తర్వాతి షిఫ్టువాడికి నోటిమాటతో అప్పగించి వెళ్లాడు, స్టోర్స్ రిజిస్టరులో అది అతని పేరు మీదే ఉండిపోయింది. పదకొండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అతను గేటు దగ్గరికి వచ్చాడు. ఐడీ కార్డు అప్పగించేశాడు కాబట్టి సెక్యూరిటీ లోపలికి రానివ్వలేదు. నేను బయటికి వెళితే, పిల్లవాడి టర్మ్ ఫీజు గడువు రెండు రోజుల్లో ఉందని మాత్రం అన్నాడు, ఇంకేమీ అడగలేదు. నేను స్టోర్స్‌కు వెళ్లి చూస్తే ఆ ఫారం ట్రేలో అడుగున ఉంది, దాని మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఆరిపోయి ఉంది. స్టాండు ఎదురుగా గోడ పక్కనే ప్లగ్గులో ఉంది. సంతకం పెట్టించడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పదకొండు వారాల్లో నేను ఒక్కసారి లేచి వెళ్లి ఉంటే సరిపోయేది.

అందుకే మానబోయేవారికి నేను చెప్పే మొదటి పని, ఆఖరి వారంలోనే ప్రతి వస్తువునూ ఈమెయిల్‌లో జాబితా రాసి అప్పగించి, అందినట్టు జవాబు తీసుకోవడం. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, ఛార్జరు, సిమ్ కార్డు, తాళాలు, ఐడీ కార్డు, ఏదీ వదలకండి. సంస్థ ఈమెయిల్ ఆగిపోయేలోపు పేస్లిప్‌లు, సెలవుల నిల్వ కనిపించే తెర ఫోటో, రాజీనామా ఆమోదించిన మెయిల్ మీ సొంత ఖాతాకు తెచ్చుకోండి. సంస్థ రహస్య సమాచారం మాత్రం ఏదీ పంపుకోకండి, అది వారి చేతికి మీరిచ్చే ఆయుధమవుతుంది.

మీరు ఇప్పుడు చేయవలసింది. ఫోన్లు ఆపేసి రాతలోకి రండి. హెచ్‌ఆర్‌కూ, అకౌంట్స్‌కూ, సంస్థ బాధ్యుడికీ కలిపి ఒకే మెయిల్ పంపండి, దాని ప్రతిని స్పీడ్ పోస్టులో సంస్థ రిజిస్టర్డ్ చిరునామాకు పంపండి. సారాంశం ఇలా ఉంటే చాలు: "నేను డిసెంబరు 1న రాజీనామా సమర్పించి, 60 రోజుల నోటీసు పూర్తిచేసి, జనవరి 30న విధుల నుంచి వైదొలిగాను. అప్పగింత పూర్తయినట్టు ఫలానా తేదీ మెయిల్ జతచేస్తున్నాను. డిసెంబరు నెల వేతనం, జనవరి నెలలో 30 రోజుల వేతనం, ఇన్ని రోజుల ఆర్జిత సెలవుల సొమ్ము నాకు అందలేదు. వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం గడువు దాటిపోయింది. శిక్షణ ఖర్చు కోతకు నేను అంగీకరించడం లేదు, దానికి ఆధారమైన పత్రం ఉంటే పంపగలరు. ఏడు రోజుల్లో చెల్లించనిచో 45వ సెక్షన్ కింద క్లెయిము దాఖలు చేస్తాను." అంకెలు మీరే లెక్కకట్టి రాయండి. ఉదాహరణకు నెల జీతం 38,000 అయితే జనవరిలో 31 రోజులకు 30 రోజుల వంతు 36,774 రూపాయలు, డిసెంబరుతో కలిపి 74,774. బాకీ ఎంతో అంకెతో చెప్పిన ఉత్తరానికీ, "నా డబ్బులు ఇవ్వండి" అన్న ఉత్తరానికీ అకౌంట్స్ బల్ల మీద దొరికే గౌరవం వేరు. తిట్లు, బెదిరింపులు, సోషల్ మీడియాలో పేరు పెట్టి రాస్తానన్న మాటలు వద్దు. ఆ ఉత్తరం రేపు అధికారి ముందు చదివేది అవుతుంది.

ఏడు రోజుల్లో కదలిక లేకపోతే కార్మిక శాఖకు వెళ్లండి. మీ సంస్థ ఉన్న ప్రాంతం ఏ సహాయ కార్మిక అధికారి, ఏ సహాయ కార్మిక కమిషనరు పరిధిలోకి వస్తుందో తెలుసుకుని అక్కడ దరఖాస్తు ఇవ్వండి, తెలియకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే చెబుతారు. బ్యాంకులు, బీమా సంస్థలు, టెలికాం, విమానయానం వంటివి కేంద్ర పరిధిలోవి కాబట్టి వాటి ఉద్యోగులు కేంద్ర కార్మిక కమిషనరు కార్యాలయానికి వెళ్లాలి, రాష్ట్ర కార్యాలయం చుట్టూ చెప్పులరిగేలా తిరిగి లాభం లేదు.

45వ సెక్షన్ బలం చాలామందికి తెలియదు, అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను. క్లెయిము వినేది గెజిటెడ్ హోదాకు తగ్గని అధికారి. మీరే వేయవచ్చు, రిజిస్టరైన యూనియన్ ద్వారా వేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. బాకీ పడిన నాటి నుంచి మూడేళ్ల వ్యవధి ఉంది. తేలిన బాకీతో పాటు దానికి పదిరెట్ల వరకు నష్టపరిహారం ఆదేశించే అధికారం ఆ అధికారికి ఉంది, మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా కోడ్ చెబుతుంది. ఆదేశించినా కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం 59వ సెక్షన్: డబ్బు చెల్లించామని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. మీరు రాలేదంటే చాలు, ఇచ్చామని వారు చూపాలి. పదిరెట్లు అన్నది గరిష్ఠ పరిమితి, అంత వస్తుందని ఆశపెట్టుకోకండి. నేను చూసినంతలో ఆ సెక్షన్ పేరు నోటీసులో కనబడగానే అసలు బాకీ కదులుతుంది, దాని అసలు ఉపయోగం అదే.

కొందరు కంపెనీల దివాలా కేసులు వినే ఎన్‌సీఎల్‌టీ ట్రిబ్యునల్‌కు వెళతానని బెదిరించమని సలహా ఇస్తారు. 2020 మార్చి నుంచి అక్కడ దివాలా దరఖాస్తుకు కనీస బాకీ కోటి రూపాయలు. రెండు నెలల జీతంతో ఆ మాట అంటే సంస్థ వకీలు పట్టించుకోడు, మీ మిగతా మాటల విలువ కూడా పోతుంది.

సంతకం విషయంలో నా సలహా కచ్చితమైనది: డబ్బు ఖాతాలో పడేదాకా "అంతా ముట్టింది" అన్న కాగితంపై సంతకం పెట్టకండి. కోడ్ కింద రావలసిన సొమ్మును వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ రాత చెల్లదని 60వ సెక్షన్ చెబుతుంది. కానీ "నేను ఇంత అందుకున్నాను" అన్న రశీదు వేరు, అది సాక్ష్యంగా పనిచేస్తుంది. మూడేళ్ల కిందట ఒక సేల్స్ ఉద్యోగి నా దగ్గరికి వచ్చాడు. రిలీవింగ్ లెటర్ అదే రోజు ఇస్తామంటే నమ్మి, 88,000 అందినట్టు సంతకం పెట్టాడు. ఇంకెక్కడా కాగితం లేదు. బ్యాంకు స్టేట్‌మెంటుతో రాలేదని చూపగలిగినా, నగదుగా ఇచ్చామని వారు వాదించారు. ఏడాది పైగా తిరిగి చివరికి సగానికి రాజీ పడ్డాడు. ఆ సంతకం లేకపోతే అది రెండు వాయిదాల పని. తప్పనిసరై పెట్టవలసి వస్తే సంతకం పక్కనే "సొమ్ము ఇంకా అందలేదు, ఖాతాలో జమ అయ్యాకే ఇది వర్తిస్తుంది" అని చేత్తో రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకోండి.

రిలీవింగ్ లెటర్ భయం గురించి. ఈ భయమే కంపెనీల అసలు బలం, అది నాకు అవతలి వైపు నుంచి తెలుసు. లెటర్ ఇవ్వడానికీ జీతం వదులుకోవడానికీ చట్టంలో ముడి లేదు. మీ కొత్త యజమానికి కావలసింది మీరు అక్కడ పనిచేశారని, సక్రమంగా మానారని తెలియడం. రాజీనామా ఆమోదించిన మెయిల్, పేస్లిప్‌లు, యూఏఎన్‌లో సర్వీసు చరిత్ర, ఫారం 16 ఆ పని చాలావరకు చేస్తాయి. కొత్త సంస్థ హెచ్‌ఆర్‌కు ముందే నిజం చెప్పండి: నోటీసు పూర్తిచేశాను, జీతం బాకీ మీద పాత సంస్థతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి, లెటర్ రాగానే ఇస్తాను. నా దగ్గరికి వచ్చినవారిలో ఈ మాట చెప్పినందుకు కొత్త ఉద్యోగం పోయినవారు నాకు తెలిసి లేరు, దాచిపెట్టి వెరిఫికేషన్‌లో బయటపడి ఇబ్బందిపడినవారు ఉన్నారు. లేబర్ ఆఫీసు దరఖాస్తులో వేతనంతో పాటు రిలీవింగ్ లెటర్, సర్వీసు సర్టిఫికెట్ ఇప్పించమని కూడా ఒక వాక్యం రాయండి. మాటల మధ్య అవి కూడా తేలిపోవడం మామూలే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఉంటే అది మరింత తీవ్రమైన విషయం. ఈ జనవరిలో కోస్తా జిల్లా నుంచి ఒక నర్సు అమ్మాయి నన్ను సంప్రదించింది. ఆసుపత్రివారు చేరేటప్పుడే నర్సింగ్ డిప్లొమా, రిజిస్ట్రేషను పత్రాలు తీసి అట్టిపెట్టుకున్నారు. రెండేళ్ల బాండులో పద్నాలుగు నెలలు చేసి పెళ్లి కుదిరి మానేస్తే, లక్ష కడితేనే జీతమూ పత్రాలూ అన్నారు. ఆ అమ్మాయి దగ్గర ఉన్నది చేరిన రోజు రిసెప్షన్‌లో ఇచ్చిన చిన్న అక్నాలెడ్జిమెంటు చీటీ, దాని మీద ఏయే పత్రాలు తీసుకున్నారో నీలం సిరాతో రాసి ఉంది. దాన్ని పర్సులో మడతలు చిరిగిపోయేదాకా దాచుకుంది. సహాయ కార్మిక కమిషనరు ముందు మొదటి వాయిదాకు ఆసుపత్రివారు రాలేదు, రెండోదానికి మేనేజరు వచ్చాడు. ఆ చీటీ చూడగానే "పత్రాలు మా దగ్గర లేవు" అన్న వాదన ఆగిపోయింది. జీతం, పత్రాలు అదే వారం ఇచ్చారు. బాండు విషయం విడిగా ఉండిపోయింది, ఆ అమ్మాయి తనకు తోచినంత కట్టి తేల్చుకుంది. మీ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే, అవి తీసుకున్నట్టు ఏ చిన్న కాగితం దొరికినా భద్రం చేయండి.

మీరు ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద పనిచేసి ఉంటే చెప్పండి, మీ ప్రశ్నలో ఆ విషయం స్పష్టంగా లేదు. అలాంటప్పుడు ఉత్తరంలో కాంట్రాక్టరుతో పాటు మీరు పనిచేసిన సంస్థ పేరు కూడా చేర్చాలి, కాంట్రాక్టరు ఎగ్గొడితే 43వ సెక్షన్ కింద సంస్థ బాధ్యతను కూడా అడగవచ్చు. 2025 నవంబరు 21కి ముందే మానేసినవారు మాత్రం ఈ రెండు రోజుల మాటను యథాతథంగా వాడకండి. వారికి పాత చట్టం, దుకాణాల చట్టం, నియామక పత్రం చూసి వేరే ఉత్తరం రాయాలి.

మీ సెటిల్‌మెంట్ షీటు వచ్చాక పేరు, ఉద్యోగి నంబరు, ఖాతా నంబరు చెరిపేసి ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా సెలవుల సొమ్ము లెక్కకు నెల జీతాన్ని ఎంతతో భాగించారో, 26తోనా 30తోనా, కోతల గడిలో ఇంకేం పేర్లు కనిపిస్తున్నాయో చూసి చెబుతాను.